ఆగకుండా వచ్చెయ్

"ఆ రోడ్డు నిన్ను మింగేస్తుందిరా. ఇవాళ కాకపోతే రేపు. నా మాట విని ఈ ఒక్కరోజు మానెయ్యి నాయనా."

కంగారమ్మ ఈ మాట అనేసరికి కొడుకు ఇంకా పళ్లు కూడా తోముకోవడం పూర్తి చేయలేదు. నోటినిండా నురగతోనే "ఊఁ" అన్నాడు. వంటింట్లోంచి కోడలు అందుకుంది.

"ఈయన ఒక్కరోజు మానేస్తే రేపటికి రోడ్డు మీది గుంటలు పూడిపోతాయా అత్తయ్యా? అలాగైతే నేనూ షాపు మానేస్తాను. ముగ్గురం కూర్చుని రోడ్డు ఎప్పుడు బాగుపడుతుందా అని ఎదురుచూద్దాం."

"నవ్వుకోండి. ఏదైనా అయ్యాక అమ్మ చెప్పింది కదా అనుకుంటారు."

"మీరు రోజూ చెబుతారు కదా, ఎప్పుడైనా నిజమవుతుందిలెండి" అంది కోడలు, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

వీధిలో అందరూ ఆమెను కంగారమ్మ అనే పిలుస్తారు. మొహం మీదే అన్నా ఆమె పట్టించుకోదు, ఎందుకంటే ఆ సమయానికి వేరే దేనికో కంగారుపడుతూ ఉంటుంది. స్టవ్ కట్టేసి వచ్చి, కట్టేశానా లేదా అని మళ్లీ వెళ్లి చూస్తుంది. కొడుక్కి దగ్గొస్తే ఆమె భయం ఊపిరితిత్తుల జబ్బు దాకా వెళ్లిపోతుంది. కోడలు పనిచేసే బట్టల షాపులో లిఫ్టు ఉందని తెలిసిన రోజునుంచి "మెట్లెక్కమ్మా, కాళ్లు అరిగితే అరిగాయి" అని పోరుపెడుతుంది.

కానీ రోడ్డంటే ఆమెకున్న భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె భర్త లారీ నడిపేవాడు. ఎన్నో ఏళ్లు నడిపాడు, ఒంటిమీద గీత పడలేదు. ఒకనాడు టైరు పంక్చరైతే రోడ్డు పక్కన ఆపి, జాకీ పెట్టి చక్రం విప్పుతుంటే వెనకనుంచి బస్సు వచ్చింది. అంతే. నడుస్తున్న లారీ ఆయన్ని ఏమీ చేయలేదు, ఆగిన లారీ చంపింది. ఈ సంగతి కంగారమ్మ బుర్రలో మేకులా దిగిపోయింది. కొడుకు స్టీరింగు పట్టుకున్న రోజునే ఆమె ఒక ఒట్టు వేయించుకుంది. "దారిలో ఏం జరిగినా సరే, ఆగకు. ఆగకుండా ఇంటికి వచ్చెయ్. మిగతాది ఇంటి దగ్గర చూసుకుందాం."

కొడుకుది సొంత వ్యాను. చిన్నదే. వెనక కొయ్యతో చేసిన ఏటవాలు స్టాండు ఉంటుంది. అద్దాల షాపాయన గోడౌనులో పెద్ద పెద్ద అద్దాలు ఎక్కించుకుని, ఒక్కోదానికి మధ్య పాత దుప్పట్లు కుక్కి, నిలువునా ఆనించి తాళ్లు బిగించి, కొత్తగా కట్టే ఇళ్లకు చేరవేయడం అతని పని. ఒక్క కుదుపు గట్టిగా తగిలితే అద్దం చిట్లుతుంది. చిట్లిన అద్దం ఎవరిదీ కాదు, డ్రైవరుదే. అందుకని అతను అరచేత్తో పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడుపుతాడు. ఎదురొచ్చే మోటారు సైకిళ్ల వాళ్లు తిట్టుకుంటూ దాటిపోతారు.

నీళ్ల పైపుల కోసమని ఇంటినుంచి గోడౌనుకు వెళ్లే ఆ రోడ్డును తవ్వి, మన్ను కప్పి వెళ్లిపోయారు. మన్ను కుంగింది. వానలు పడ్డాయి. గుంటలు ఎంత పాతబడ్డాయంటే మొగుడూ పెళ్లాం వాటికి పేర్లు కూడా పెట్టారు. మలుపులో ఉన్న పెద్దగుంట పేరు మేనేజరు, ఎందుకంటే కోడలి షాపు మేనేజరులాగే దాని పక్కనుంచి ఎవరూ తప్పించుకుపోలేరు. కల్వర్టు ముందరిది రిటైరైన గుమాస్తా, ఎప్పుడు చూసినా అక్కడే కూర్చుని ఉంటుంది. మెకానిక్ షెడ్డు ముందరున్న గుంటకు మేస్త్రి బావమరిది అని పేరు. మేస్త్రికి బేరాలు తెచ్చిపెట్టేది అదే కదా.

కంగారమ్మ ఆ రోడ్డు మీద నడిచి ఎన్నాళ్లయిందో. అయినా ఆమెకు దానిలో ప్రతి గుంటా తెలుసు. చెవులతో తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు కొడుకు ఫోను కలిపి ముందద్దం దగ్గర పెట్టేస్తాడు. మాట్లాడడు, ఊరికే అలా ఉంచుతాడు. ఈమె గుమ్మం మెట్టు మీద కూర్చుని చెవికి ఆనించుకుని వింటుంది. ఖాళీ స్టాండు గడగడలాడుతుంది. ధబ్బున ఒక చప్పుడు. "గుమాస్తా దాటాడు" అంటుంది తనలో తను. కాసేపటికి రెండు చప్పుళ్లు, ముందు చక్రం, వెనక చక్రం. "మేనేజరు." అప్పుడు లేచి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పెట్టుకుంటుంది.

ఆ మధ్యాహ్నం వాన వెలిసింది. కోడలు షాపులో ఉంది. కంగారమ్మ మెట్టుమీద కూర్చుని వింటోంది. గుమాస్తా దాటాడు. మేనేజరు ఇంకా రాలేదు. ఉన్నట్టుండి ఫోనులో ఖణేల్‌మంది. ఆమె ఎన్నడూ వినని చప్పుడు. ఇనుము మీద రాయి పడ్డట్టు, కాదు, రాయి మీదే ఇనుము పడ్డట్టు. లైను తెగిపోయింది.

ఆమె వెంటనే మళ్లీ కలిపింది. అవతల ఆడగొంతు తాపీగా చెప్పింది, మీరు ఫోను చేసిన వారు వేరొకరితో మాట్లాడుతున్నారని. ఎవరితో మాట్లాడతాడు? పోలీసులా? ఆసుపత్రి వాళ్లా? ఎవరో చచ్చిపోయుంటే జనం చుట్టుముట్టి ఉంటారా? మళ్లీ కలిపింది. మళ్లీ అదే ఆడగొంతు. ఆ గొంతు పీక పిసకాలనిపించింది ఆమెకు. ఎన్నోసారికో కలిసింది.

"ఏమైందిరా?"

"అమ్మా, నేనే మళ్లీ చేస్తాను, ఆగు..."

"నువ్వు ఆగకు! ఒరేయ్, అక్కడ ఆగకురా. వచ్చెయ్."

"అమ్మా, ఒక్క మాట విను..."

"వినను. మీ నాన్నా ఇలాగే ఆగాడు. నాకు ఇక్కడ గుండె పట్టేస్తోందిరా. ఊపిరి అందట్లేదు. ఇంట్లో నా మొహాన నీళ్లు చల్లే దిక్కు కూడా లేదు. నువ్వొచ్చేసరికి ఉంటానో లేదో."

అని తనే ఫోను పెట్టేసింది. పెట్టేస్తే వస్తాడని ఆమెకు తెలుసు. అబద్ధం అనడానికీ లేదు. గుండె దడదడలాడుతున్న మాట నిజం. ఆమె గుండె ఎప్పుడు దడదడలాడలేదని?

వచ్చాడు. వీధి మొదట్లో ఉండగానే వ్యాను అరుపు వినిపించింది. ఇంజిన్ కీచుమంటోంది, కత్తిని గచ్చుమీద గీస్తున్నట్టు. ముందునుంచి తెల్లగా పొగ. గేటు దాకా వచ్చి ఒక్కసారి ఊగి ఆగిపోయింది. తలుపు కూడా వెయ్యకుండా దూకి పరుగెత్తుకొచ్చాడు. కంగారమ్మ గుమ్మంలో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చావా నాయనా. గండం గడిచింది. ఇవిగో, తాగు."

అతను గ్లాసు వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"నీ గుండె?"

"నువ్వు కనపడగానే సర్దుకుంది."

అతను నీళ్లు తాగలేదు. మెట్టుమీద కూలబడి వ్యాను వైపే చూస్తూ ఉండిపోయాడు. వీధి పొడవునా నల్లగా నూనె గీత పడింది. దాన్ని చూసి కంగారమ్మకు మళ్లీ భయం పట్టుకుంది. బడినుంచి పిల్లలు వచ్చే వేళ, ఎవరైనా జారిపడితే? పక్కింటివాళ్లు మేడకోసం పోయించుకున్న ఇసుక కుప్పలోంచి బకెట్టుతో తెచ్చి, ఆ గీత మీద వీధి చివరిదాకా వంగి వంగి చల్లింది. నడుం పట్టేసినా చల్లింది. చల్లాక ఏదో పుణ్యం చేసినట్టే అనిపించింది.

సాయంత్రం మెకానిక్ షెడ్డు మేస్త్రి వచ్చాడు. వ్యాను కింద దూరి, బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"కింద రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలింది. నూనంతా కారిపోయింది. నూనె లేకుండా తిరిగితే ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజిన్ పట్టేసింది. చాంబర్ ఒక్కటే అయితే రేపటికి బండి రోడ్డెక్కేది. ఇప్పుడు ఇంజిన్ మొత్తం మార్చాల్సిందే." కొడుకు వైపు తిరిగాడు. "నేను నీకు..."

"పోనియ్ అన్నా" అన్నాడు కొడుకు.

మేస్త్రి నోరు మూసుకున్నాడు. కంగారమ్మ అది డబ్బు సంగతి అనుకుంది.

కొత్త ఇంజిన్ వేయించడం వాళ్ల తాహతుకు మించిన పని. ఇంజిన్ లేని వ్యాను పాత ఇనుము. అద్దాల షాపాయన మంచివాడే, ఇన్సూరెన్సు వచ్చేదాకా ఆగుతానన్నాడు; రాకపోతే ఇంకో బండి చూసుకుంటానని కూడా అన్నాడు. కాబట్టి ఆ ఇంటికి ఇప్పుడు ఉన్నదల్లా ఒకే ఒక్క ఆశ, క్లెయిమ్.

"రోడ్డు గుంటలో పడటం ప్రమాదం కిందికే వస్తుంది. ఇస్తారు" అని మేస్త్రి చెప్పాడు. "కానీ పగిలాక నడిపారంటే ఇంజిన్‌కి పైసా రాలదు. అందుకని, పడగానే ఇంజిన్ అక్కడే ఆగిపోయిందని చెప్పు. ఇంటిదాకా తోసుకొచ్చామని చెప్పు. ఇంకేం చెప్పకు." ఆ తర్వాత గొంతు తగ్గించి కోడలితో అన్నాడు. "బండి చూడ్డానికి ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయర్ వచ్చినప్పుడు అమ్మగార్ని మాత్రం లోపలే ఉంచమ్మా."

"లోపలుంటే సరిపోతుందా, నోట్లో గుడ్డలు కుక్కాలా?" అంది కోడలు.

సర్వేయర్ వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, నెమ్మదైన మాటతో ఉన్నాడు. రావడానికి ముందే గుంట దగ్గర దిగి, రాయిని ఫోటో తీసి, టేపుతో లోతు కొలుచుకుని వచ్చాడట. ప్యాంటు అంచుకు బురద ఉంది. వ్యాను కింద వంగి చూశాడు. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏం రోడ్డండీ బాబూ! నా స్కూటరే రెండుసార్లు ఆగిపోయింది. మీరు రోజూ ఎలా తిరుగుతున్నారో."

"అలవాటైపోయింది సార్" అన్నాడు కొడుకు.

"పడగానే ఏమైంది?"

"ఆగిపోయింది సార్. మళ్లీ స్టార్ట్ కాలేదు. తోసుకొచ్చాం."

"పాపం. ఎవరు సాయం పట్టారు?"

"దారిన పోయేవాళ్లు సార్."

వెనకగదిలో పరదా చాటున మంచమ్మీద కంగారమ్మ కూర్చుంది. కదలనని కోడలికి మాటిచ్చింది. మాట నిలబెట్టుకోవాలనే ఉంది ఆమెకు. కానీ కొడుకు నోట "తోసుకొచ్చాం" అనే మాట వినేసరికి మంచం దిగి నిలబడింది. అబద్ధం. కాగితాల మీదకెక్కే అబద్ధం. రేపు ఆ దారిన పోయేవాళ్లెవరో చెప్పమంటే? దొంగ క్లెయిమని కేసు పెడితే? పోలీసు జీపు, చేతులకు బేడీలు, వీధంతా గేట్ల దగ్గర నిలబడి చూడటం, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్లముందు తిరిగాయి. మొగుడు రోడ్డు పాలయ్యాడు, కొడుకు జైలు పాలవుతాడు.

"ఇంకొక్క విషయం" అన్నాడు సర్వేయర్. "వీధిలో పొడుగునా ఇసుక చల్లి ఉంది. మీ గేటు దాకా గీత గీసినట్టు. ఎవరు చల్లారు?"

కొడుకు కోడలి వంక చూశాడు. కోడలు పరదా వైపు చూసింది. కంగారమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. పరదా తొలగించుకుని వచ్చేసింది.

"నేనే చల్లాను సార్. నూనె మీద పిల్లలు జారిపడతారని."

"అత్తయ్యా, మీ మాత్ర వేసుకునే టైమైంది" అంది కోడలు, పళ్ల బిగువున.

"ఉండవే. సార్, మావాడికి ఏ పాపమూ తెలియదు. వాణ్ని ఏమీ చెయ్యకండి."

సర్వేయర్ లేచి ఆమెకు తన కుర్చీ జరిపాడు. "నేనెందుకు చేస్తానమ్మా? కూర్చోండి. మీలాగే మా అమ్మ కూడా కంగారుపడుతూ ఉంటుంది. పిల్లలు జారతారని ఆలోచించారు చూశారా, ఎంతమందికి వస్తుంది ఆ ఆలోచన? అబ్బాయి ఎంతదూరం నడుపుకొచ్చాడమ్మా?"

ఎంత మెత్తగా అడిగాడంటే, ఆమెకు అది ప్రశ్నలా అనిపించలేదు. ఎవరో తలమీద చెయ్యి పెట్టినట్టు అనిపించింది.

"గుంట దగ్గర్నుంచి ఇక్కడిదాకా సార్. ఎక్కడా ఆగలేదు. నేనే ఆగకుండా రమ్మన్నాను. వాడు నా మాట జవదాటడు."

చివరి మాట అనేటప్పుడు ఆమె మొహంలో కాస్త గర్వం కూడా మెరిసింది. కోడలు కళ్లు మూసుకుంది. కొడుకు నేలవైపు చూస్తున్నాడు.

సర్వేయర్ టీ గ్లాసు కిందపెట్టి నెమ్మదిగా రాసుకున్నాడు. "ఇలా నిజం చెప్పేవాళ్లు చాలా తక్కువమ్మా" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. ఆమె అరచేతులు జోడించింది.

"మరి ఇంజిన్ ఇస్తారు కదా సార్?"

"చాంబర్ ఇస్తారమ్మా. గుంట చేసింది అది. ఆ తర్వాత జరిగింది గుంట చేసింది కాదు. రోడ్డు పాడుచేస్తే కంపెనీ ఇస్తుంది. బండివాళ్లే పాడుచేసుకుంటే ఎలా ఇస్తుంది? ఆ రాయి దగ్గరే ఆగి ఉంటే, ఇవాళ నేను రావలసిన పనే ఉండేది కాదు." చెప్పులు వేసుకుంటూ కొడుకు భుజం తట్టాడు. "తోసుకొచ్చామన్న మాట రాయట్లేదులే. అమ్మగారి మొహం చూసి వదిలేస్తున్నాను."

గేటు మూసి వెళ్లాడు. కంగారమ్మ ఊపిరి పీల్చుకుని "చూశావా, ఎంత మంచివాడో. కేసు లేకుండా పోయింది" అంది.

ఆ రోజునుంచి కొడుకు ఆమెతో మాట్లాడటం మానేశాడు.

వ్యానును తాడు కట్టి లాక్కుపోయారు. పాత ఇనుము కొనేవాడు దాని చుట్టూ తిరిగి, కొయ్య స్టాండు తనకక్కర్లేదని ఊడబీకి గేటు దగ్గర పారేసి వెళ్లాడు. అద్దాల షాపాయన ఇంకో బండి పెట్టుకున్నాడు. కొడుకుని మాత్రం వదల్లేదు, అద్దాలు ఎక్కించి దించే కూలీగా ఉంచుకున్నాడు. ఇప్పుడతను వేరేవాడు నడిపే బండి వెనక నిలబడి, రెండు చేతులతో అద్దాలు కదలకుండా అదిమి పట్టుకుని అవే గుంటల మీదుగా పోతాడు. ఆ డ్రైవరు కుర్రవాడికి గుంటల పేర్లు తెలియవు. ఒక్కదానికీ తగ్గించడు. సాయంత్రం కొడుకు అరచేతుల్లో ఎర్రటి గీతలు.

ఇంట్లో అతని మాటలన్నీ పెళ్లాంతోనే. "అమ్మకి మాత్రలు అయిపోయాయేమో చూడు" అంటాడు, అమ్మ పక్కనే ఉండగా. ఫోను చేస్తే ఎత్తడు. కంగారమ్మ మెట్టుమీద కూర్చుని, అవతల మోగుతున్న చప్పుడే వింటూ ఉంటుంది, మోగి మోగి ఆగేదాకా.

ఒకసారి ఆమె ఏడిస్తే కోడలు బట్టలు మడతపెడుతూ అంది. "ఆయన మాట్లాడట్లేదని ఏడవకండి అత్తయ్యా. మాట్లాడితే ఇంకా ఏడుస్తారు."

"ఏం మాట్లాడతాడే? ఏం చేశాను నేను?"

"ఏం చేయలేదు. మడత పట్టుకోండి."

మనిషి బతకాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. కంగారమ్మ ఒక మాట పట్టుకుంది. కింద పగిలిందని వాడికి తెలియదు. తెలియక నడిపాడు. నేను చెప్పినా చెప్పకపోయినా ఎలాగూ వచ్చేవాడే. ఈ మాట పక్కింటావిడకు చెప్పింది, ఎదురింటావిడకు చెప్పింది, కూరలబండి వాడికి కూడా చెప్పింది. "కారేది కంటికి కనపడదు కదయ్యా, బండి కింద. దేవుడికి తెలియాలి." కూరలవాడు తలూపాడు. చెప్పిన ప్రతిసారీ ఆ మాట ఇంకాస్త గట్టిపడి గోడలా నిలబడింది. ఆ గోడ చాటున ఆమెకు రాత్రుళ్లు కాస్త నిద్ర పడుతోంది. ఒక్క కొడుకు దగ్గరే ఆ మాటకు సాక్ష్యం దొరకలేదు. రోజూ అడుగుతుంది. రోజూ అతను లేచి వెళ్లిపోతాడు.

ఒక సెలవు రోజున రోడ్డువాళ్లు వచ్చారు. ఎవరో పెద్దమనిషి ఆ దారిన వస్తున్నాడట. కంకర పోసి, తారు పోసి, రోలరు తిప్పుతున్నారు. మేనేజరూ గుమాస్తా ఒక్క పూటలో మాయమయ్యారు. రోలరు చప్పుడు ఇంటిదాకా వినిపిస్తోంది.

కొడుకు గుమ్మం మెట్టుమీద కూర్చుని, అరచేతిలో దిగిన అద్దం పెంకును సూదితో తీసుకుంటున్నాడు. కోడలు పక్కన దూది పట్టుకుని ఉంది. కంగారమ్మ వచ్చి కింది మెట్టుమీద కూర్చుంది.

"చూశావురా, ఇప్పుడు పూడుస్తున్నారు. ముందే ఏడిస్తే ఏం పోయింది వీళ్లకి?"

సూది కదులుతోంది.

"అంతా ఆ రోడ్డు చేసిందే. నీ తప్పు లేదు, నా తప్పు లేదు. నీకేం తెలుసు కింద పగిలిందని? తెలిస్తే ఆగేవాడివి కదా. తెలియదు కాబట్టే వచ్చావు. అవునా కాదా?"

కొడుకు అరచెయ్యి వెలుగు వైపు తిప్పుకున్నాడు.

"అవునని ఒక్క మాట అనరా. ఇంకెప్పుడూ అడగను. నువ్వు పలకక ఎన్నాళ్లయిందో నీకు తెలుసా? శవాన్నయినా పలకరిస్తారు కదరా."

రోలరు ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. కోడలు మొగుడి మోచేయి పట్టుకుని మెల్లగా అంది. "వద్దండీ. అనేసి లోపలికి రండి. పోయేదేముంది."

అతను సూది కిందపెట్టాడు. పెంకును రెండు గోళ్ల మధ్య పట్టి లాగాడు. రక్తం ఊరుతుంటే చూస్తూ కూర్చున్నాడు. రోలరు ఎక్కడో ఆగింది. అప్పుడు తలెత్తి అమ్మ మొహంలోకి చూశాడు.

"ఆగానమ్మా" అన్నాడు. "పడగానే ఆపేశాను. దిగి కింద చూశాను. నూనె ధారగా కారుతోంది. మేస్త్రికి ఫోను చేశాను. తాళం ముట్టుకోకు, నేనే వస్తున్నాను అన్నాడు. అప్పుడు నీ ఫోను వచ్చింది. ఒక్క మాట విను అన్నాను."

కోడలు ఇచ్చిన దూదితో అరచెయ్యి అదుముకున్నాడు.

"ఇంజిన్ పోతుందని తెలిసే తాళం తిప్పాను. నువ్వు చచ్చిపోతున్నావనుకున్నాను. వచ్చి చూస్తే గ్లాసు పట్టుకుని నిలబడ్డావు."